లక్ష రూపాయల ఇయర్‌ఫోన్లలో శబ్దం వాటా ఎంత?

సెన్‌హైజర్ అనే జర్మన్ సంస్థ 2021లో ఐఈ 900 అనే ఇయర్‌ఫోన్లను సుమారు 1,300 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. రెండేళ్ల తర్వాత, 2023లో, అదే పేరు మీద ఐఈ 200 అనే మరో జత 150 డాలర్లకు వచ్చింది. మన లెక్కలో మొదటిది లక్ష దాటుతుంది, రెండోది పన్నెండు వేల పైచిలుకు. విచిత్రమేమిటంటే, రెండింటిలోనూ శబ్దాన్ని పుట్టించే భాగం, అంటే డ్రైవర్, 7 మిల్లీమీటర్ల వ్యాసంతో ఒకే కుటుంబానికి చెందినది. సంస్థ ఆ సంగతిని దాచిపెట్టనూ లేదు; రెండింటి డ్రైవర్‌కూ ఒకే పేరు పెట్టుకుంది. ఖరీదైన దాని గుల్లను అల్యూమినియం దిమ్మె నుంచి చెక్కి తీశారు, అవసరంలేని మోతల్ని మింగేయడానికి అందులో మూడు బుల్లి గదులు తొలిచారు. చవక దాని గుల్ల ప్లాస్టిక్. ధరలో ఉన్న తొమ్మిది రెట్ల దూరాన్ని ఒక గుల్ల, మూడు గదులు పూడ్చగలవా అన్నది ఇయర్‌ఫోన్ల మీద డబ్బు పెట్టాలనుకునే ప్రతివాడూ ఏదో ఒక రూపంలో వేసుకునే ప్రశ్నే.

ఈ ప్రశ్నకు అవుననో కాదనో ఒక్క ముక్కలో జవాబు చెప్పేవాళ్లు కొల్లలుగా ఉన్నారు. ఒక వర్గం వెయ్యి రూపాయలు దాటి పెట్టేదంతా దండగే అంటుంది, రెండో వర్గం లక్ష పెట్టనివాడికి సంగీతం అంటే ఏమిటో తెలియదంటుంది. ఇద్దరూ చేస్తున్న పొరపాటు ఒకటే. ధర్మవరం పట్టుచీర ధరలో పట్టు, జరీ, నేత కూలి, దుకాణం అద్దె, దుకాణం పేరు అన్నీ కలిసి ఉన్నట్టే ఇయర్‌ఫోన్ల ధరలోనూ చాలా వస్తువులు కలిసి ఉంటాయి. వాటిలో చెవిని చేరేది ఒక భాగం మాత్రమే. ఆ భాగం ధరతో పాటు ఎంతవరకు పెరుగుతుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నది విడిగా చూడాలి.

ముందుగా చెవి సంగతి. బయటి చెవి నుంచి కర్ణభేరి దాకా ఉన్న గొట్టం పొడవు దాదాపు రెండున్నర సెంటీమీటర్లు. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒక నిర్దిష్టమైన స్వరం పలికినట్టే ఈ గొట్టం కూడా తనకు నచ్చిన ఒక స్వరాన్ని పెంచి వినిపిస్తుంది. అది సుమారు 3,000 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు మూడు వేల కంపనాల దగ్గర ఉంటుంది. ఎదురుగా కూర్చుని పాడేవారి గొంతు మనకు చేరేసరికి ఆ ప్రాంతంలో సహజంగానే ఒక గుట్ట లేచి ఉంటుంది, పుట్టినప్పటి నుంచి అలాగే వింటున్నాం కనుక అదే మనకు సమతలం. ఇయర్‌ఫోన్ పెట్టుకోగానే గొట్టం మూతి మూసుకుపోతుంది, ఆ గుట్ట చెదిరిపోతుంది. కాబట్టి ఇయర్‌ఫోన్ తయారుచేసేవాడు ఆ గుట్టను తానే మళ్లీ కట్టివ్వాలి. ఎంత ఎత్తున కట్టాలి, మంద్రస్థాయిని ఎంత పెంచాలి, తారస్థాయిని ఎక్కడ తగ్గించాలి అన్న నిర్ణయాన్నే ఈ రంగంలో ట్యూనింగ్ అంటారు. మన మాటలో చెప్పాలంటే శ్రుతి చేయడం. వీణ ఎంత మంచి పనసకర్రతో చేసినదైనా శ్రుతి కుదరకపోతే వినలేం. ఇయర్‌ఫోన్ల విషయంలోనూ అంతే, లోపల ఎంత గొప్ప డ్రైవర్ ఉన్నా శ్రుతి తప్పితే అది చెవికి ఇంపుగా ఉండదు.

ఒకప్పుడు ఈ శ్రుతి ప్రతి సంస్థకూ ఒక రహస్యం. ఇంజనీరు అనుభవం, చెవి, కొంత ఊహ కలిపి ఏదో ఒక చోట తేల్చేవారు. 2012 తర్వాత ఆ పరిస్థితి మారింది. హార్మన్ అనే ఆడియో సంస్థలో పరిశోధకులైన షాన్ ఆలివ్, టాడ్ వెల్టీ తమ బృందంతో కలిసి, వినేవాళ్లకు ఏది ఏ బ్రాండో తెలియకుండా రకరకాల శ్రుతుల్ని వినిపించి, ఎక్కువమందికి ఏది నచ్చుతుందో కొలిచారు. దేశం మారినా, వయసు మారినా, శిక్షణ ఉన్నా లేకున్నా, ఇష్టాలు మరీ చెల్లాచెదురుగా లేవని, ఎక్కువమంది ఒకే రకం వంపు చుట్టూ, అంటే ఏ స్వరం ఎంత బిగ్గరగా పలకాలో చూపే గీత చుట్టూ, చేరుతున్నారని తేలింది. ఆ వంపును వాళ్లు పరిశోధనా పత్రాల్లో అచ్చువేశారు. అంటే ఒకప్పుడు గురువు చెవిలో మాత్రమే చెప్పిన మంత్రం గుడి గోపురమెక్కి వినిపించినట్టయింది. ఇక చైనాలోని చిన్న చిన్న తయారీదారులు ఆ వంపును ఎదురుగా పెట్టుకుని, కొలత పరికరం మీద దానికి దగ్గరగా వచ్చేదాకా మార్చుకుంటూ పోయారు. మూన్‌డ్రాప్ చూ, 7హెర్ట్జ్ జీరో వంటివి 2022లో 20 డాలర్ల చుట్టూ, అంటే మనకు రెండు వేల లోపు ధరకు రావడం వెనుక కథ ఇదే. ఆ ధరకు అంతకుముందు దొరికే సరుకు గురించి తెలిసినవాళ్లు దీన్ని చిన్న మార్పు అనరు.

ఈ సంగతిని అంకెలతో చెప్పిన పత్రం ఒకటుంది. 2017లో యెరూన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు చెవి లోపల పెట్టుకునేవి, చెవి మీద ఆనేవి, చెవిని మొత్తం కప్పేవి కలిపి 283 రకాల హెడ్‌ఫోన్ల ధ్వని వంపుల్ని కొలిచి, వాటి అమ్మకపు ధరలతో పోల్చారు. ధరకూ ఆ వంపుకూ సంబంధమేమీ కనబడలేదని పత్రం పేరులోనే చెప్పేశారు. ఖరీదైన వాటిలో మంచి శ్రుతి ఉన్నవీ ఉన్నాయి, లేనివీ ఉన్నాయి. చవక వాటి విషయంలోనూ అదే మాట. అయితే ఈ పత్రాన్ని పట్టుకుని అన్ని ఇయర్‌ఫోన్లూ ఒకటే అని వాదించేవారు దాన్ని సరిగా చదవలేదని నా అభిప్రాయం. ధరను చూసి శ్రుతిని ఊహించలేం అన్నదే దాని సారం, శ్రుతిలో తేడాలు లేవని కాదు. తేడాలు విపరీతంగా ఉన్నాయి, వాటిని పట్టించే గుర్తు మాత్రం ధర చీటీ మీద లేదు.

ఆ తేడా ఎలా ఉంటుందో మృదంగంతో చెబితే తేలికగా అర్థమవుతుంది. మృదంగానికి ఎడమవైపు తొప్పి, కుడివైపు వలంతల. తొప్పికి మధ్యలో అద్దిన రవ్వ ముద్ద వల్ల అది గుమ్మని పలుకుతుంది, అరచేయి మణికట్టుతో నొక్కి జార్చినప్పుడు ఆ గుమికి ఒక వంపు వస్తుంది. వలంతల మీద కరణి అనే నల్లని పూత ఉండటం వల్ల అది స్వరంతో, గణగణమని మోగుతుంది. రోడ్డు పక్క మూడు వందలకు దొరికే ఇయర్‌ఫోన్లలో ఒక తని ఆవర్తనం, అంటే కచేరీలో లయవాద్యాలు మాత్రమే వాయించే భాగం, విన్నప్పుడు తొప్పి గుమి పొరుగింట్లో ఎవరో తలుపు బాదినట్టు ఉబ్బి, మిగతా మోతల మీదికి పొర్లుతుంది. వలంతల మోత మాత్రం రేకు డబ్బా శబ్దంలా సన్నబడుతుంది. పద్దెనిమిది వందల జతలో అదే ఆవర్తనం వింటే తొప్పి జారుడు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలుస్తుంది, వలంతల మీద వేళ్ల దెబ్బకూ అరచేతి దెబ్బకూ తేడా పోల్చుకోగలం, వెనకాల తంబుర ఉన్నదన్న సంగతి కొత్తగా చెవిన పడుతుంది. ఇరవై వేల జత పెట్టుకుంటే తంబుర తీగె కింద పెట్టే జీవాళి దారం వల్ల వచ్చే సన్నని జుమ్మన్న మెరుపు ఇంకాస్త విడిగా కనబడవచ్చు, శ్రద్ధగా వింటే. మొదటి మెట్టుకూ రెండో మెట్టుకూ మధ్య ఉన్న ఎత్తు ఎవరికైనా, సంగీతం తెలియని మా ఇంటి పక్కాయనకైనా, రెండు నిమిషాల్లో తెలిసిపోయింది. రెండో మెట్టుకూ మూడో మెట్టుకూ మధ్య తేడాను చూపించడానికి నేనే పాటను మూడుసార్లు వెనక్కి తిప్పవలసి వచ్చింది.

డ్రైవర్ల సంఖ్య చూపించి ధర చెప్పే పద్ధతి ఒకటి ఈ వ్యాపారంలో బాగా నాటుకుపోయింది. దాని మూలం తెలుసుకోవడం మంచిది. వినికిడి యంత్రాల కోసం తయారైన బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ అనే చాలా చిన్న రకం డ్రైవర్‌ని సంగీతానికి మళ్లించడంలో 1991లో మీడ్ కిలియన్‌కు చెందిన ఎటిమోటిక్ రీసెర్చ్ తెచ్చిన ఈఆర్-4 ఒక మైలురాయి. అందులో చెవికి ఒక్క ఆర్మేచరే ఉంటుంది. తర్వాత 1995 ప్రాంతంలో జెర్రీ హార్వీ అనే సౌండ్ ఇంజనీరు, వేదిక మీద డ్రమ్స్ వాయించే అలెక్స్ వాన్ హాలెన్ కోసం చెవి అచ్చు తీసి ఇయర్‌ఫోన్లు తయారుచేయడంతో అల్టిమేట్ ఇయర్స్ పుట్టింది. ఒక ఆర్మేచర్ మంద్రానికి, ఒకటి తారానికి అని పని పంచడం అప్పటి నుంచి ఊపందుకుంది. రెండు నాలుగయ్యాయి, నాలుగు ఎనిమిదయ్యాయి. 64 ఆడియో సంస్థ యూ18టీ అనే జతలో చెవికి 18 చొప్పున పెట్టింది, ధర మూడు వేల డాలర్ల చుట్టూ. మరోవైపు మొదట చెప్పుకున్న ఐఈ 900లో చెవికి ఒక్కటే. పద్దెనిమిదికీ ఒకటికీ పోటీ పెట్టి సంఖ్య ఎక్కువ ఉన్నదే గొప్పదని తేల్చడం, పక్కవాద్యాల సంఖ్య లెక్కపెట్టి కచేరీకి మార్కులు వేసినట్టు ఉంటుంది. పనిని ఎక్కువమందికి పంచినప్పుడు వాళ్లు ఒకరి మాటకు ఒకరు అడ్డం రాకుండా చూడటం ఇంకో పెద్ద పని. ఆ పని కుదిరిన జతలూ ఉన్నాయి, కుదరనివీ ఉన్నాయి.

ఖరీదైన వాటి పక్షాన నిలబడేవారి బలమైన వాదన ఇక్కడే మొదలవుతుంది. వంపు ఒకేలా ఉన్నా వివరం వేరు, వాద్యాల మధ్య ఎడం వేరు, అది గ్రాఫులో కనబడదు అంటారు. దీన్ని కొట్టిపారేయలేను, అలాగని పూర్తిగా ఒప్పుకోనూ లేను. ఒక చెవికి ఒక డ్రైవర్ ఉన్న మామూలు ఇయర్‌ఫోన్‌లో ఏ పౌనఃపున్యం ఎంత బిగ్గరగా పలుకుతుంది అన్నదానికీ, శబ్దం ఎంత చురుగ్గా లేచి ఎంత త్వరగా చల్లారుతుంది అన్నదానికీ గణితపరంగా ముడి ఉంది; ఒకటి తెలిస్తే రెండోది చాలావరకు చెప్పేయవచ్చు. మామూలు బిగ్గరతనంలో వక్రీకరణ, అంటే పాటలో లేని శబ్దాన్ని డ్రైవర్ కలపడం, కూడా ఈనాటి చవక డ్రైవర్లలో చెవి పట్టలేనంత తక్కువ. కాబట్టి వివరం అని మనం పిలిచేది ఎక్కువభాగం వంపులోనే ఉంది. చిక్కు ఎక్కడంటే, గ్రాఫులోని వంపు కృత్రిమ చెవిలో కొలిచినది, మన కర్ణభేరి దగ్గర కొలిచినది కాదు. సుమారు 8,000 హెర్ట్జ్ దాటిన తర్వాత ఇయర్‌ఫోన్ రెండు మిల్లీమీటర్లు లోపలికి జరిగినా, చెవి గొట్టం కాస్త సన్నగా ఉన్నా, వంపు మారిపోతుంది. తాళాల చప్పుడు, తంబుర మెరుపు, గాయని ఊపిరి తీసుకునే సవ్వడి బతికేది ఆ ప్రాంతంలోనే. ఆ భాగం ఒక ఖరీదైన జతలో మీ చెవికి చక్కగా అమరితే అది మీకు నిజంగానే గొప్పగా వినిపిస్తుంది, మీ స్నేహితుడి చెవికి అమరకపోతే అతనికి గీసుకుపోయినట్టు ఉంటుంది, ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

అమరిక అన్నమాట ఊరికే అనలేదు. కొన్నేళ్ల క్రితం నేను హైదరాబాదులో ఒక దుకాణంలో ఇరవై ఒక్క వేలు పోసి ఒక జత కొన్నాను. ఇంటికొచ్చి వింటే పాట డొల్లగా ఉంది. ఘటం శబ్దం కొబ్బరి చిప్ప మీద పెన్సిలుతో కొట్టినట్టు వినిపించింది. వంద గంటలు మోగనిస్తే తెరుచుకుంటుందని అమ్మినాయన చెప్పాడు. రాత్రిళ్లు పాటలు పెట్టి బీరువాలో వదిలేశాను కూడా. నెల దాటినా మార్పు లేదు. ఒకరోజు ఎడమ చెవి వైపు రబ్బరు టిప్ జారి ఎక్కడో పడిపోతే, డబ్బాలో మిగిలిన పెద్ద సైజు టిప్ తగిలించాను. ఎడమ చెవిలో అప్పటిదాకా లేని మంద్రం ఒక్కసారిగా నిండింది. నా ఎడమ చెవి రంధ్రం కుడిదానికంటే వెడల్పు, కొత్త జతకు దుకాణంలో తగిలించిచ్చిన మధ్య సైజు టిప్ ఆ చెవిలో గాలికి సందు వదులుతోంది. చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్‌కు మూత బిగుసుకోకపోతే మంద్రమంతా ఆ సందులోంచి కారిపోతుంది. నెల రోజుల పాటు నేను తిట్టుకున్నది ఇరవై ఒక్క వేల డ్రైవర్‌ని, తప్పు మాత్రం పది రూపాయలు చేయని రబ్బరు ముక్కది. మోగిస్తే తెరుచుకుంటుందన్న నమ్మకం గురించి కూడా ఒక మాట చెప్పాలి. డ్రైవర్ వాడకంతో కాస్త వదులు కావచ్చునేమో గానీ, ఆ మార్పు ఇయర్‌ఫోన్‌ను తీసి మళ్లీ పెట్టుకోవడంలో వచ్చే మార్పుకంటే చిన్నది. ఎక్కువసార్లు అలవాటు పడేది మన మెదడే.

దుకాణంలో పోల్చి చూసి కొనుక్కుంటాం కదా, మోసపోయేదేముంది అనేవారికి శబ్దం స్థాయి సంగతి చెప్పాలి. 1933లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధకులు ఫ్లెచర్, మన్సన్ చెప్పిన విషయం ఇది. శబ్దం తగ్గేకొద్దీ మన చెవి మంద్రస్థాయిని మిగతావాటికంటే వేగంగా కోల్పోతుంది. పెంచితే అది తిరిగొస్తుంది. అందుకే అదే పాట కాస్త బిగ్గరగా ఉంటే నిండుగా, బాగా ఉన్నట్టు తోస్తుంది, బిగ్గరతనం పెరిగిందని మాత్రం అనిపించదు. ఒక ఫోనుకు ఒకదాని తర్వాత ఒకటిగా రెండు జతలు తగిలించినప్పుడు, వాల్యూమ్ గీత కదపకపోయినా, ఏ జతకు తక్కువ కరెంటు సరిపోతుందో అది బిగ్గరగా మోగుతుంది, గెలుస్తుంది. కోఠిలోని దుకాణమైనా, మెరిసే షోరూమ్ అయినా ఈ తేడాను సరిచేసి వినిపించిన వారిని నేనింకా చూడలేదు. ఇక ధర చీటీ, డబ్బా బరువు, తోలు సంచి చేసే పని వేరే. ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ 1994లో ప్రచురించిన ప్రయోగంలో ఒకే స్పీకర్లను తెర చాటున ఒకసారి, కళ్లెదుట ఒకసారి వినిపించి మార్కులు వేయించారు. కనబడినప్పుడు మార్కులు మారిపోయాయి. అనుభవమున్న శ్రోతలు కూడా కళ్ల మాట వినకుండా ఉండలేకపోయారు.

ఇది మా ఇంట్లోనూ చేసి చూశాను. ఇరవై ఒక్క వేల జతకూ, పద్దెనిమిది వందల జతకూ ఒకే రకం టిప్‌లు వేసి, ఫోనులోని ఈక్వలైజర్‌తో చవక దాని వంపును ఖరీదైన దానికి వీలైనంత దగ్గర చేసి, బిగ్గరతనం సరిపోల్చి, నేను కళ్లు మూసుకుని కూర్చుంటే మా మేనల్లుడు తనకు తోచిన వరుసలో చెవుల్లో పెట్టాడు. మొదటి నాలుగుసార్లూ కరెక్టుగా చెప్పాను. వాడికి అనుమానం వచ్చి ఆరా తీస్తే తేలిందేమంటే, ఖరీదైన దాని వైరు బరువుగా ఉంటుంది, నేను దాన్ని చెవితో కాక మెడ మీద బరువుతో పోలుస్తున్నాను. ఆ నాలుగూ కొట్టేసి, వైరును వాడే ఎత్తి పట్టుకుని మళ్లీ మొదలుపెడితే ఇరవైలో పన్నెండు ఒప్పయ్యాయి. బొమ్మాబొరుసూ వేసినా పది వస్తాయి. ఇద్దరు మనుషులు, ఒక గది, ఒక మధ్యాహ్నం; దీన్ని పరిశోధన అనను. అయితే ఆ మధ్యాహ్నం తర్వాత ఖరీదైన జత గురించి నేను మాట్లాడే తీరు కొంచెం మెత్తబడింది.

ఇయర్‌ఫోన్ల తర్వాత అమ్మకందారు చూపు ఫోను మీద, పాట ఫైలు మీద పడుతుంది. మంచి జత కొన్నారు కనుక దానికి తగ్గ ప్లేయర్, ఆంప్లిఫయర్, సీడీకంటే సూక్ష్మంగా నమోదైన హై రిజల్యూషన్ పాటలు కావాలంటారు. 1982లో వచ్చిన సీడీ ప్రమాణమే, సెకనుకు 44,100 నమూనాలు, 16 బిట్లు, మనిషి చెవి పరిధిని దాదాపుగా కప్పేస్తుంది. 2007లో బ్రాడ్ మేయర్, డేవిడ్ మోరన్ ప్రచురించిన పరీక్షలో హై రిజల్యూషన్ శబ్దాన్ని నేరుగా ఒకసారి, సీడీ ప్రమాణానికి కుదించి ఒకసారి వినిపించి తేడా చెప్పమంటే 554 ప్రయత్నాల్లో 276 ఒప్పయ్యాయి, అంటే సగం కూడా కాదు. 2016లో జాషువా రీస్ అలాంటి ప్రయోగాలు పద్దెనిమిదింటిని కలిపి లెక్కకట్టి, ఒప్పుల శాతం 52.3 అని, అది చిన్నదే అయినా కేవలం యాదృచ్ఛికం కాదని చెప్పారు. రెండు పక్షాలకూ న్యాయం చేయాలి కనుక ఈ అంకె కూడా ఇస్తున్నాను. ఆ రెండు శాతం కోసం ఎంత ఖర్చు పెట్టవచ్చునన్నది ఎవరి సంచి వాళ్లది. ఫోను టైప్-సీ రంధ్రానికి ఇయర్‌ఫోన్లను కలిపే ఆపిల్ వారి చిన్న వైరు ముక్క అమెరికాలో 9 డాలర్లకు అమ్ముడైంది. కొలతల్లో అది మామూలు ఇయర్‌ఫోన్లకు చెవి పట్టగలిగే లోపమేదీ చూపించలేదు. దాని పైన వేలు పోసి కొనే ప్లేయర్ల అవసరం ఎక్కువ శక్తి కోరే పెద్ద హెడ్‌ఫోన్లకే గానీ చెవిలో పెట్టుకునేవాటికి సాధారణంగా రాదు. పైగా మనలో చాలామంది వినేది ఘంటసాల కాలపు మోనో రికార్డింగులు, యూట్యూబులో ఎవరో క్యాసెట్ నుంచి ఎక్కించిన కచేరీలు. మంచి ఇయర్‌ఫోన్లు ఆ పాటలో లేనిదాన్ని తెచ్చిపెట్టవు. ఉన్న టేపు బుసను మాత్రం మరింత శుభ్రంగా వినిపిస్తాయి.

ఇంత చెప్పాక ఖరీదు ఎక్కడా పనికిరాదన్న అభిప్రాయం కలగవచ్చు, అది సరికాదు. వేదిక మీద పాడేవాళ్లకు చెవి అచ్చుతో చేసిన జతకు పెట్టే డబ్బు వృథా కాదు. చుట్టూ మోతను అడ్డుకుంటుంది కనుక తమ గొంతును తక్కువ బిగ్గరతనంతో వినగలుగుతారు, వినికిడి మిగులుతుంది, నాలుగు గంటలు పెట్టుకున్నా నొప్పి ఉండదు. రోజూ బస్సులోనో మెట్రోలోనో తిరిగేవారికి చుట్టూ మోతను చెరిపేసే నాయిస్ క్యాన్సలింగ్ విషయంలోనూ ధర నిజంగానే పనిచేస్తుంది. 1978లో జ్యూరిక్ నుంచి బోస్టన్‌కు విమానంలో వెళుతూ ఇంజన్ హోరుకు విసిగిపోయిన అమర్ బోస్ అనే ప్రొఫెసర్ ఆ ప్రయాణంలోనే లెక్కలు వేయడం మొదలుపెట్టాడని ప్రసిద్ధి. ఆయన తండ్రి బెంగాలు నుంచి అమెరికా చేరిన స్వాతంత్ర్య పోరాటవాది. ఆ లెక్కలు పైలట్ల హెడ్‌సెట్‌గా మారడానికి 1989 దాకా పట్టింది. బయటి మోతను మైకుతో పట్టి, దానికి సరిగ్గా ఎదురు శబ్దాన్ని క్షణంలో వెయ్యో వంతు కూడా ఆలస్యం కాకుండా పుట్టించాలి. ఈ పనికి చిప్పులు, మైకులు, ఏళ్ల తరబడి రాసిన సాఫ్ట్‌వేర్ కావాలి. రెండు వేల జతలో ఆ పేరు ముద్రించి ఉన్నా, బస్సు ఇంజను గుర్రు దగ్గర పాతిక వేల జతతో తూగలేదు. ఇది వింటేనే కాదు, కొలిస్తే కూడా కనబడే తేడా.

మోత తగ్గడం సుఖం కోసమే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినవచ్చు. 90కి పెరిగితే అది 4 గంటలకు పడిపోతుంది. బస్సు హోరును దాటించడానికి వాల్యూమ్ పెంచేవారు ఆ నాలుగు గంటల్ని రెండు రోజుల్లో ఖర్చుపెట్టేస్తారు. బాగా బిగుసుకునే స్పాంజి టిప్‌లు కూడా పాతిక డెసిబెల్స్ దాకా బయటి శబ్దాన్ని ఆపగలవు, వాటి ధర కొన్ని వందలు.

వైర్లు లేని జతల్లో డబ్బు పెట్టేముందు బ్యాటరీ లెక్క కూడా వేసుకోవాలి, ఎందుకంటే షోరూములో ఎవరూ దీన్ని ఎత్తరు. వేలి గోరంత గుల్లలో పట్టే బ్యాటరీ కొన్ని వందలసార్లు చార్జయ్యాక అలిసిపోతుంది, రోజూ వాడేవారికి రెండు మూడేళ్లలో గంటకే ఆగిపోయే స్థితి వస్తుంది. మార్చడానికి చాలావాటిలో వీలుండదు. పాతిక వేల జత మూడేళ్లు నడిస్తే ఏడాదికి ఎనిమిది వేల పైన. వైరు ఊడదీసి మార్చుకోగలిగిన రెండు వేల జత ఐదేళ్లు నడిస్తే ఏడాదికి నాలుగు వందలు, మధ్యలో వైరు తెగితే మరో మూడు నాలుగు వందలు. నాయిస్ క్యాన్సలింగ్ కోసం, ఫోను మాట్లాడేందుకు మైకు కోసం ఆ ఎనిమిది వేలు సబబే అనుకునేవారు కొనుక్కోవచ్చు, కేవలం పాట బాగా వినబడాలని మాత్రం అంత పెట్టనక్కర్లేదు.

మరి లక్ష ఎక్కడికి పోతుంది? ఏడాదికి కొన్ని వందల జతలు మాత్రమే అమ్మే సంస్థ పరిశోధన ఖర్చునంతా ఆ కొన్ని వందల మీదే రాబట్టుకోవాలి. లోహపు గుల్లను ఒక్కొక్కటిగా చెక్కాలి, ఎడమ కుడి డ్రైవర్లను కొలిచి జతకట్టాలి, పంపిణీదారుకు, దుకాణదారుకు వాటా ఇవ్వాలి, మన దేశానికి వచ్చాక 18 శాతం జీఎస్టీ పడుతుంది. మిగిలినదాంట్లో పేరు ఉంది, చేతిలో పట్టుకున్నప్పటి ముచ్చట ఉంది. ముచ్చటకు డబ్బు పెట్టడం తప్పేమీ కాదు, మనం పెళ్లిపత్రిక దగ్గర నుంచి అదే చేస్తున్నాం. ఆ ముచ్చటను శబ్దం అని పేరు మార్చి అమ్మినప్పుడే నాకు పేచీ. ఇందులో ఇంకో చమత్కారం ఉంది. మనిషి వినగలిగే 20,000 హెర్ట్జ్ అంచు పసివయసులోనిది. యాభై వచ్చేసరికి చాలామందికి 12,000 దాటినవి మసకబారతాయి. లక్ష పెట్టగలిగే ఉద్యోగ హోదా సరిగ్గా ఆ వయసులోనే వస్తుంది.

నన్ను అడిగేవారికి నేను చెప్పే మొత్తాలు మరీ గొప్పవి కావు. వైరుతో వినడానికి అభ్యంతరం లేకపోతే రెండు వేల లోపు మంచి శ్రుతి ఉన్న జత ఒకటి, రెండు మూడు సైజుల టిప్‌లు విడిగా. అది ఏడాది వాడాక కూడా ఇంకా ఏదో కావాలనిపిస్తే, ఆ ఏదో ఏమిటో మాటల్లో చెప్పగలిగితే, అప్పుడు పది పదిహేను వేల దగ్గర వెతకవచ్చు. అంతకు పైన కొనదలచినవారు దుకాణానికి వెళ్లేటప్పుడు తమ పాత జతను, తమ చెవికి సరిపడే టిప్‌లను, వందసార్లు విన్న ఒక పాటను ఫోనులో వెంట తీసుకెళ్లాలి. పాతదాని వాల్యూమ్ ఏ గీత మీద ఉందో చూసుకుని, కొత్తది పెట్టుకోగానే అది బిగ్గరగా ఉంటే రెండు గీతలు తగ్గించి, ఆ తర్వాతే ధర అడగాలి.